ఎన్ని చెంబులు?

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఆటో ఎక్కి, వెళ్ళాల్సిన సందు పేరు చెప్పాను. డ్రైవరు వెనక్కి తిరిగి, "సెంబుల డాక్టరు కాడికేటమ్మా? ఆయన పోనాడు కదా. నెల దాటిపోనాది" అన్నాడు.

నేను వెళ్తున్నది ఆయన దగ్గరికి కాదు. అదే సందులో ఉన్న పుస్తకాల షాపుకి, మా బడి పిల్లలకి నిఘంటువులు కొనడానికి. అయినా ముందుకి వంగి అడిగాను.

"ఏమైంది ఆయనకి?"

"ఏటో, ఎవులికి తెలుసు. బాగా సిక్కిపోనాడంట. ఆఖర్న సూసినోళ్ళు పోలిక పట్టనేకపోనారంట. ఆయనే పెద్ద డాక్టరు, ఆయనకెవులు సెప్తారు?"

ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమొచ్చింది. మా తమ్ముడు ఇవాళ పెళ్ళి చేసుకుని, పని చేసుకుని, మూడు పూటలా తిని తిరుగుతున్నాడంటే ఆ మనిషి వల్ల. ఆయన పోయిన సంగతి నెల తర్వాత ఆటోలో తెలియాలా నాకు? తెలియదు మరి. రెండేళ్ళుగా ఫోన్ చేస్తే కదా.

ఆయన అసలు పేరు డిగ్రీలతో సహా బోర్డు మీద ఉండేది. ఆ బోర్డు చదివి లోపలికి వచ్చినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ ఆయన చెంబుల డాక్టరే. కడుపు మంటని వచ్చినా, కాళ్ళు లాగుతున్నాయని వచ్చినా, ఆయన అడిగే ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా ఇది: "దొడ్డికెళ్ళాక ఎన్ని చెంబులు పోస్తావు?" అదైనా మెల్లగా అడుగుతారా అంటే లేదు. గాలాడదని గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచేవారు. బయట బెంచీల మీద కూర్చున్న పదిహేను మందీ ఆ ప్రశ్న వినాలి, జవాబూ వినాలి. కొత్తగా వచ్చినవాళ్ళు తల దించుకునేవాళ్ళు. పాతవాళ్ళు తమ వంతు రాకముందే వేళ్ళు మడిచి లెక్క చూసుకునేవాళ్ళు.

మేము ఆయన దగ్గరికి వెళ్ళేనాటికి తమ్ముడికి ఇరవై మూడేళ్ళు. గరివిడిలో ఫ్యాక్టరీ పనికని వెళ్ళి, అక్కడే గది తీసుకుని ఏడాదిన్నర ఉన్నాడు. వెళ్ళినప్పుడు యాభై ఎనిమిది కిలోలు. మా ఊరు తిరిగొచ్చినప్పుడు నలభై ఆరు. రక్తం లేదన్నారు, ఇనుము బిళ్ళలు ఇచ్చారు. బిళ్ళలు మింగాడు, రక్తం పెరగలేదు. ఒక ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. రెండు నెలలకి మళ్ళీ మొదటికొచ్చింది. నలభై నాలుగు. నలభై రెండు. ఇంకో ఆసుపత్రిలో, "పేగుల టీబీ అయ్యుండొచ్చు, మందులు మొదలుపెట్టి చూద్దాం" అన్నారు. అయ్యుండొచ్చు అనే మాట మీద, ఎముకల గూడులా ఉన్న పిల్లాడికి నెలల తరబడి ఆ ఘాటు మందులు పెట్టాలా వద్దా అని నేనూ మా ఆయనా రోజూ వాదించుకునేవాళ్ళం.

ఇక పరామర్శకి వచ్చేవాళ్ళు. మా వైపు జబ్బు మనిషిని చూడ్డానికి వట్టి చేతులతో ఎవరూ రారు. రొట్టె ప్యాకెట్, బన్నులు, బిస్కెట్లు, పాలలో కలుపుకునే పొడి డబ్బా. అన్నం అరగదు, రొట్టె తేలిక అని మనకో నమ్మకం. వాడు చిక్కేకొద్దీ మా ఇంట్లో రొట్టెల కట్ట ఎత్తు పెరిగింది. అమ్మ వాటిని పాలల్లో ముంచి, బుజ్జగించి, ఒక్కొక్క ముక్కా నోట్లో పెట్టేది. "ఎంత తిన్నా ఒంటికి పట్టట్నేదే, ఏటి సెయ్యను" అని నాతో రోజూ ఒకటే మాట. ఆసుపత్రుల్లోనూ అదే అంది. ఎవరూ రాసుకోలేదు. అది పల్లెటూరి తల్లి మాట, దాన్ని ఏ గడిలో రాస్తారు?

చెంబుల డాక్టరు రాసుకున్నారు.

మొదటిరోజు ఆయన మా కాగితాల కట్ట ముట్టుకోలేదు. తమ్ముడి గోళ్ళు చూశారు. అవి మధ్యలో గుంటపడి ఉన్నాయి. నాలుక చూశారు. పాదం మీద బొటనవేలితో నొక్కి, పడ్డ గుంట ఎంతసేపటికి పూడుతుందో గోడ గడియారం కేసి చూస్తూ లెక్కపెట్టారు. తొడ మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చ ఉంటే, "సందెవేళ కనిపిస్తాదా నీకు?" అని అడిగారు. ఏమీ సంబంధం లేని ప్రశ్న అనుకున్నాను. తమ్ముడు నా వైపు చూసి, "మసక మసగ్గా ఉంటాది బాబూ. అప్పకి సెప్పనేదు" అన్నాడు. నన్ను వాడు అప్పా అనే పిలుస్తాడు. ఆ సంగతి నాకు నిజంగానే తెలియదు.

తర్వాత బీపీ పట్టీ చేతికి చుట్టి గాలి కొట్టారు. కొట్టి, దించకుండా అలాగే వదిలేశారు. మీటరు కేసి చూడరేం? వేళ్ళ కేసి చూస్తున్నారు. ఒక నిమిషం. రెండు. మూడో నిమిషంలో తమ్ముడి వేళ్ళు దగ్గరికి చేరాయి, బొటనవేలు లోపలికి ముడుచుకుపోయింది.

"అప్పా, సెయ్యి నా మాట ఇనట్నేదే" అన్నాడు వాడు భయంగా.

డాక్టరు పట్టీ వదులు చేసి, ముడుచుకున్న వేళ్ళని ఒక్కొక్కటే తన చేత్తో సాపు చేశారు. "ఇనుము లేదు. కాల్షియం లేదు, అందుకే వేళ్ళు ముడుచుకున్నాయి. కంటికి కావలసింది లేదు, రక్తం గడ్డకట్టడానికి కావలసింది లేదు. ఒక్కటి తక్కువైతే తిండి లోపం అనుకుంటాం. ఇన్ని ఒక్కసారిగా తక్కువైతే, తిండి లోపలికెళ్ళి ఎక్కడికో పోతందన్నమాట." అని, అమ్మ వైపు తిరిగారు. "నువ్వేటంటావు తల్లీ?"

అమ్మ తన మాటే అంది. "ఎంత తిన్నా ఒంటికి పట్టట్నేదు బాబూ."

ఆయన కలం తీసి, చీటీ మీద పైన తెలుగులోనే రాసుకున్నారు: ఒంటికి పట్టడం లేదు. కింద గీత గీశారు. "ఇదే జబ్బు. మీ అమ్మే చెప్పింది. మేం ఇంగ్లీషులో ఇదే మాటని పొడుగ్గా అంటాం. ఎందుకు పట్టట్లేదన్నది ఇక నేను వెతకాలి." తెలుగు చెప్పుకుని బతికేదాన్ని, ఆ మాటలో అంత అర్థం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. తలకి నూనె పట్టినట్టు, గుడ్డకి రంగు పట్టినట్టు, అన్నం ఒంటికి పట్టాలి.

ఆ వెంటనే వచ్చింది అసలు ప్రశ్న. తలుపు తెరిచే ఉంది.

"ఎన్ని చెంబులు?"

తమ్ముడికి అర్థం కాలేదు. డాక్టరు గొంతు ఇంకా పెంచి వివరించారు. కొవ్వు అరగక బయటికొచ్చేస్తే జిడ్డుగా ఉంటుంది, తేలుతుంది, బేసినుకి అంటుకుంటుంది, ఒక చెంబుకి పోదు. తమ్ముడు చెవులు ఎర్రబడి, "మాం పొలం గట్టుకెల్తాం బాబూ" అన్నాడు.

"ఇంట్లో దొడ్డి లేదా?"

"ఉన్నాది." వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ గోడ వైపు చూసింది. చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది, దాని నిండా కట్టెలున్నాయని. బెంచీల మీద వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "కట్టెలు బయట పడెయ్యండి. వారం రోజులు వీడు అక్కడికే వెళ్ళాలి. రోజూ ఎన్ని చెంబులు పట్టిందో నాకు కావాలి. లెక్క అబద్ధం చెప్పకండి, నాకు తెలిసిపోతుంది" అన్నారు.

ఆ సాయంత్రం నేనూ మా ఆయనా కట్టెలు మోశాం. వారానికి లెక్క వచ్చింది. నాలుగు, ఐదు, నాలుగు, ఐదు, ఐదు, ఆరు, ఆరు.

ఆయన వ్యవహారమంతా ఇలాగే ఉండేది. సొరుగులో వేయించిన జీడిపప్పు ఉండేది, చీటీ రాస్తూ ఒక్కొక్కటి నోట్లో వేసుకునేవారు, ఎవరికీ పెట్టేవారు కాదు. కరెంటుతో పనిచేసే తూకం నమ్మేవారు కాదు. గుండు జరిపే పాత ఇనుప తూకం మీద మనిషిని నిలబెట్టి, గుండు కుదురుకునేదాకా తానూ ఊపిరి బిగబట్టేవారు. పరీక్షలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, వరస తప్పనిచ్చేవారు కాదు. మలంలో కొవ్వు చుక్కలు ఉన్నాయా, పురుగులున్నాయా అని పక్క ల్యాబులో సూక్ష్మదర్శినిలో తానే వెళ్ళి చూసొచ్చారు. కొవ్వుంది, పురుగుల్లేవు. క్లోమం చెడిందేమోనని కడుపు స్కాను తీయించారు. బాగానే ఉంది. టీబీ కోసం ఛాతీ ఫొటో, ఇంకేవో పరీక్షలు. ఏదీ గట్టిగా దొరకలేదు. కాదని గట్టిగా తేలనూ లేదు. "టీబీ అయితే మనం చేస్తున్న ఈ ఆలస్యం తప్పు. కాకపోతే ఆ మందులు తప్పు" అన్నారు నాతో. ఓదార్చడం ఆయనకి చేతకాదు.

ఇంకోసారి అడిగిన ప్రశ్న ఇది: "గరివిడిలో పొద్దున్నేం తినేవోడివి?"

"పూరీ. మాపటికి పరోటా. గది కింద కొట్టుండేది."

"అంతకుముందు ఇంటికాడ?"

"సోడంబలి బాబూ. గంజన్నం, సేపలు."

"ఇప్పుడు?"

"రొట్టె" అంది అమ్మ గర్వంగా. "మెత్తటి రొట్టె, పాలతోటి. అన్నం పెట్టట్నేదు, అరగదని."

ఆయన నోట్లో జీడిపప్పు నమలడం ఆగిపోయింది. కుర్చీ మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చారు. "నూగు ఉంది కదా? చిన్నపేగు లోపల ఇలాగే ఉంటుంది. ఆ నూగే తిన్నదాన్ని పీల్చుకునేది." తర్వాత సొరుగులోంచి ఇంకో తువ్వాలు తీశారు. పాతది, అరిగి దోమతెరలా అయిపోయింది. దాని మీద నీళ్ళు పోస్తే ఇటునుంచి అటు కారిపోయాయి. అమ్మనీ తమ్ముడినీ పక్క ల్యాబుకి పంపించి, అప్పుడు చెప్పారు నాతో. కొందరి పేగుకి గోధుమ పడదు. తిన్నకొద్దీ నూగు అరిగిపోతుంది. మన వైపు అరుదు, అందుకే ఎవరికీ తట్టదు. రక్తపరీక్ష పంపించారు. అది అటూ ఇటూ కాకుండా వచ్చింది. ఇక నోట్లోంచి కెమెరా పంపి, పేగు ముక్క తీసి చూడాలి. విశాఖపట్నంలో తేదీ దొరికింది, మూడు వారాల తర్వాత. "అప్పటిదాకా రొట్టె మానొద్దు. మానితే పేగు కోలుకోవడం మొదలవుతుంది, ముక్కలో ఏమీ కనబడకపోవచ్చు. అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ రోజూ చపాతీలు కాల్చి ఊళ్ళోనే ఉన్న పుట్టింటికి తీసుకెళ్తుంటే, వాడు తిని కడుపు పట్టుకుని ముడుచుకుంటుంటే, అమ్మ "ఏటిదే ఇది, ఏటిదే" అని నా చెయ్యి పట్టుకుంటే, నోరు ఆగలేదు. ఐదో రోజు చెప్పేశాను. అమ్మ ఏడవలేదు, అరవలేదు. సరేనంది. నాకు అనుమానం రావాల్సింది అక్కడే.

తమ్ముడు కొంచెం తేరుకుంటున్నట్టు కనిపించాడు. దేవుడు చూశాడనుకున్నాను. పరీక్షకి నాలుగు రోజుల ముందు డాక్టరు రమ్మన్నారు.

"ఎన్ని చెంబులు?"

"రెండు బాబూ. నిన్న ఒకటే."

మేమంతా సంతోషించాం. ఆయన కలం కింద పెట్టారు. "రొట్టె ఎవరు తింటున్నారు?" అని అమ్మనే అడిగారు.

"ఆడే తింటన్నాడు బాబూ. నా సేత్తో పెడతన్నాను."

ఆయన ఫోన్ తీసి విశాఖపట్నం తేదీ రద్దు చేశారు. నేను గొడవ పెట్టుకున్నాను. మూడు వారాలు కాచుకుని ఉన్నాం, తూకం నలభై కూడా లేదు, ఇప్పుడు రద్దేమిటని గట్టిగానే అడిగాను. "ఇంటికెళ్ళండి" అన్నారంతే.

ఆదివారం ఆయన మా ఊరొచ్చారు. నౌపడలో రైలు దిగి, షేర్ ఆటోలో, చంకలో గొడుగుతో. నేను అమ్మ ఇంట్లోనే ఉన్నాను. పలకరింపు లేదు, కుర్చీ వేస్తానంటే కూర్చోలేదు. నేరుగా పెరట్లోకి నడిచారు. ప్లాస్టిక్ మగ్గు చేత్తో పట్టుకుని దొడ్డి తలుపు తీసి లోపలికి తొంగిచూశారు. అప్పటికే ఊళ్ళో సగం మంది గోడ మీంచి చూస్తున్నారు, ఎవరో పెద్దాయన మా దొడ్డి చూడ్డానికి రైలెక్కి వచ్చాడని. నాకు తల తీసేసినట్టయింది.

ఆయన మగ్గు కింద పెట్టి, పెరటి మూలకి చూస్తూ నిలబడిపోయారు. నేనూ అటు చూశాను. కోళ్ళు. అమ్మ కోళ్ళు ఆరూ నేల మీద దేన్నో పొడుచుకు తింటున్నాయి. తెల్లటి రొట్టె ముక్కలు, వాటి మధ్య నేను పొద్దున్న కాల్చి తెచ్చిన చపాతీ, నాలుగు తుంపులుగా.

"అమ్మా!" అన్నాను.

అమ్మ తప్పించుకోలేదు. ఎదురొచ్చి నిలబడింది. "అవును, కోళ్ళకే ఏసినాను. బియ్యప్పిండి రొట్టె కాల్సి ఆడికి పెట్నాను. ఇసమని తెలిసినాక కన్నతల్లిని, నాను పెడతానా? నువ్వు సదువుకున్నోడివి బాబూ, నా కొడుక్కి నన్నే ఇసం పెట్టమంటావేటి?"

"పెట్టమంటాను" అన్నారాయన.



"మానేసినాక ఆడు తేరుకోనేదా? సెంబులు తగ్గనేదా? అదే పరీచ్చ. ఇంకేటి పరీచ్చ కావాలి నీకు?"

ఆయన అప్పుడు కూర్చున్నారు, అరుగు మీద, అమ్మ పక్కనే. గొంతు తగ్గించడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నాకూ అదే అనిపించింది తల్లీ, ఒకప్పుడు. ఒకమ్మాయి వచ్చింది నా దగ్గరికి. పరీక్ష లేకుండానే గోధుమ మాన్పించేను. తేరుకుంది. పెళ్ళయ్యింది. అత్తోరింట్లో అందరికీ చపాతీలు, ఈమెకి వేరే వండాలంటే వినలేదు. డాక్టరు చెప్పేడంటే కాగితం చూపించమన్నారు. నా దగ్గరికొచ్చింది కాగితం కోసం. నా దగ్గర ఏముంది? నాకలా అనిపించింది అని రాసివ్వనా? మెల్లగా అన్నీ తినేసింది. రెండో కాన్పులో ఒంట్లో రక్తం లేక పోయింది." గొడుగు పక్కన పెట్టి అన్నారు. "నీ కొడుకు ఏడాది పత్యం చేస్తే సరిపోదు. బతికినన్నాళ్ళూ చెయ్యాలి. నువ్వున్నన్నాళ్ళూ నువ్వు చూస్తావు. తర్వాత? ఎవరో పెళ్ళిలో పూరీ వడ్డించి ఏం కాదు తినమంటారు. అనుమానంతో ఏ మనిషీ బతికినన్నాళ్ళూ నోరు కట్టుకోడు. పైగా ఇది గోధుమ కాదు, టీబీయే అయితే? బియ్యప్పిండి రొట్టెలు పెట్టుకుంటూ కూర్చుంటే మనమే చంపినట్టు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎన్నాళ్ళు?"

"పద్నాలుగు రోజులు."

"మద్దిలో గుంటడికేటైనా అయితే?"

"అందుకే ఇంటి దగ్గరొద్దు. నా వెనకగదిలో మంచం ఉంది. రోజూ రక్తం చూస్తాను, తగ్గింది ఎక్కిస్తాను. నువ్వూ ఉండు." లేచి, అంబలి ఉంటే ఇమ్మన్నారు. అమ్మ ఇచ్చింది. గుమ్మం దగ్గర నిలబడే తాగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ పద్నాలుగు రోజుల గురించి ఎక్కువ రాయలేను. బడి వదిలాక రోజూ బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళేదాన్ని. నేనే తినిపిస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఒగ్గెయ్. తప్పు సేసింది నాను. నానే పెడతాను" అంది. చపాతీ తుంపి, పప్పులో అద్ది, వాడి నోటి దగ్గర పెట్టి, వాడు మింగేదాకా కళ్ళు మూసుకునేది. నాలుగో రోజుకి మళ్ళీ నాలుగు చెంబులు. తొమ్మిదో రోజుకి చీలమండలు వాచి, కాలు కింద పెట్టలేకపోయాడు. "అప్పా, ఇంటికెళ్ళిపోదుమే" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేను వాణ్ణి అక్కడ వదిలేసి బస్సెక్కాను. దారంతా, ఆ డాక్టరు లెక్క తప్పయితే ఏం చేస్తానా అని ఆలోచించాను. నిజం చెప్పాలంటే, ఆయన్ని ఏం చేస్తానా అని.

ఆయన మాత్రం ప్రతి పూటా భోజనం వేళకి వెనకగదిలోకి వచ్చేవారు. స్టూలు లాక్కుని కూర్చుని, వాడితో పాటు ఒక చపాతీ తినేవారు. ధైర్యం చెప్పేవారు కాదు, కబుర్లు చెప్పేవారు కాదు. తినడం అయ్యాక చేతి వేళ్ళు చూసి, "ఎన్ని?" అని అడిగి వెళ్ళిపోయేవారు. అమ్మ ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

పదిహేనో రోజు విశాఖపట్నం తీసుకెళ్ళాం. కెమెరా పంపారు, ముక్కలు తీశారు. కాగితం రావడానికి ఇంకో ఐదు రోజులు. అది చేతికొచ్చిన రోజు ఆయన రెండుసార్లు చదివి, మూడోసారి వేలు పెట్టి చదివారు. రెండోసారి పంపిన రక్తపరీక్ష కూడా పక్కన పెట్టుకుని చూశారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, పాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"నూగు మొత్తం అరిగిపోయింది. గోధుమే. టీబీ కాదు" అన్నారు. అమ్మ వైపు చూసి, "తువ్వాలుకైతే మళ్ళీ రాదు. పేగుకి మొలుస్తుంది తల్లీ" అన్నారు. కాగితం నా చేతికిచ్చి, "లామినేషన్ చేయించు. వీడి పెళ్ళిలో అందరికీ చూపించు" అన్నారు. మానాల్సినవన్నీ చెప్పారు. రొట్టె, పూరీ, ఉప్మా రవ్వ, సేమ్యా, పాలలో కలిపే పొడి, చివరికి ఇంగువ కూడా, అందులో గోధుమ పిండి కలుపుతారట. మా పరామర్శల సరుకులో ఒక్కటీ మిగల్లేదు.

తమ్ముడు కోలుకున్నాడు. నెలకోసారి ఫోన్ చెయ్యమన్నారు. హలో ఉండేది కాదు, బాగున్నారా ఉండేది కాదు. "ఎన్ని?" అనేవారు. "మూడు సార్." "పెట్టెయ్." మరుసటి నెల, "ఎన్ని?" "రెండు." ఏడో నెలకి ఒకటికి కుదిరింది. ఏడాది పాటు ఒకటి, ఒకటి అని చెప్పాం. తర్వాత, చెప్పడానికి ఏముందిలే అనుకుని మానేశాం. ఆయనకై ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. పెళ్ళికి పిలిస్తే రాలేదు. పెళ్ళిలో వాడు విస్తట్లో పూరీ పక్కకి తోసి, బామ్మర్దులు నవ్వుతుంటే జేబులోంచి లామినేషన్ కాగితం తీసి వాళ్ళ ముందు పెట్టాడు. అది మీకు చెప్పాలి డాక్టరుగారూ అనుకున్నాను. చెప్పలేదు.

అమ్మ మాత్రం ఆయన్ని క్షమించలేదనే నా నమ్మకం. ఆయన మాటొస్తే, "నా సేత్తో నా కొడుక్కి ఇసం పెట్టించినాడు" అనేది. కొడుకు బతికాడు కదే అంటే, "బతికినాడు. ఆ పద్నాలుగు రోజులూ నాను సచ్చినాను" అనేది.

పుస్తకాల షాపుకి వెళ్ళకుండానే ఆ రోజు బస్సెక్కి తిరిగొచ్చేశాను. ఆయన గది తలుపు మూసి ఉండటం చూడలేననిపించింది. అమ్మ పెరట్లో కోళ్ళకి నూకలు వేస్తోంది. ఎదురుగా నిలబడి చెప్పాను, చెంబుల డాక్టరు పోయారని.

నూకల చెయ్యి ఆగింది. "ఏటయ్యిందంట?"

"తెలీదే. బాగా చిక్కిపోయారట. గుర్తుపట్టలేనంతగా."

కోళ్ళు కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. అమ్మ చేతిలో మిగిలిన నూకలు వాటికి వెయ్యలేదు, కొంగులో మూట కట్టుకుంది. ఆయన ఆనాడు కూర్చున్న అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది.

"ఎంత తిన్నా ఒంటికి పట్టనేదేటో" అంది. తలెత్తి నా కేసి చూసింది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. "ఒసే, ఆ బాబునెవులైనా అడిగినారంటావా, ఎన్ని సెంబులని?"